అంబాసిడర్ అద్దం, అమ్మ ముగ్గు డబ్బా

మా అంబాసిడర్‌లో ముందు ఎడంపక్క కూర్చున్నవాళ్ళకి వానాకాలంలో కుడికాలు తడిసేది. రెండు కాళ్ళూ కాదు, కుడికాలే. ధారగా ఏం కారేది కాదు, ఒక్కో చుక్క, ఒక్కో చుక్క, గుడివాడలో ఎక్కినవాళ్ళు విజయవాడలో దిగేసరికి సాక్సు పిండుకునేంత. మామూలుగా వచ్చే బేరాలవాళ్ళైతే ఎక్కగానే చెప్పులు విప్పి కాలు సీటు మీదకి మడిచి పెట్టుకునేవాళ్ళు. కొత్తవాళ్ళకి నాన్న ఒక పాత తువ్వాలు అందించి "కాలికింద వేసుకోండి బాబూ, మనది ఏసీ బండి" అనేవాడు. స్టాండులో మిగతా డ్రైవర్లు ఆయన్ని ఏడిపించేవాళ్ళు, కృష్ణా పుష్కరాలకి పన్నెండేళ్ళు ఆగడం ఎందుకు, ఈయన కారెక్కితే సరి అని.

ఆ కారు నాన్న 1982లో కొన్నాడు. మార్క్ త్రీ. అప్పటికే రెండు చేతులు మారింది. మా స్టాండులో అన్నీ అంబాసిడర్లే, ఊళ్ళో ఒకటో రెండో ఫియట్లు ఉండేవిగానీ అవి డాక్టర్ల ఇళ్ళ ముందు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పరాలో తయారయ్యే ఈ బండి అసలు ఇంగ్లండువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని, 50ల నాటి ఆ ఒంటితోనే మూతీ ముక్కూ కాస్త మార్చుకుంటూ నడుస్తోందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉంటుంది, వెనక సీట్లో ఐదుగురు పడతారు, డోరు వెయ్యాలంటే దాని మీద పాత కక్ష ఉన్నట్టు వెయ్యాలి. మెల్లిగా వేస్తే పడేది కాదు. పడినట్టుండి మలుపులో తెరుచుకునేది. అందుకని ఎవరెక్కినా నాన్న దిగి, చుట్టూ తిరిగి, నాలుగు డోర్లూ తనే ధడేల్ ధడేల్‌మని వేసి వచ్చి కూర్చునేవాడు. మా వీధిలో నాన్న బేరానికి బయల్దేరాడంటే ఇంట్లో ఉన్న అమ్మకి ఆ నాలుగు చప్పుళ్ళతో తెలిసిపోయేది.

నీళ్ళ సంగతికొస్తే, అందరూ ముందద్దం కారుతోందనే అన్నారు. నాన్న కూడా అదే నమ్మాడు. నమ్మడానికి కారణం ఉంది. ఇప్పటి కార్లలాగా అప్పటి అద్దాన్ని జిగురుతో అతికించేవాళ్ళు కాదు, చుట్టూ రబ్బరు బీడింగు ఉండేది. దాన్ని అడ్డంగా కోసి చూస్తే రెండు నోళ్ళ పాములా ఉంటుంది, లోపలివైపు నోరు అద్దాన్ని కరుచుకుంటుంది, బయటివైపు నోరు బాడీ రేకు అంచుని కరుచుకుంటుంది, అంతే. రబ్బరు పట్టు తప్ప ఇంకే ఆధారమూ లేదు. కొత్తలో బాగానే ఉంటుంది. మన ఎండలకి నాలుగైదు వేసవులు తిన్నాక ఆ రబ్బరు అప్పడంలా గట్టిపడి, పగుళ్ళిచ్చి, కొంచెం కురచవుతుంది, మూలల్లో అద్దాన్ని వదిలేస్తుంది. అక్కణ్ణించి నీళ్ళు దిగుతాయి. మా బండి బీడింగు వేలితో నొక్కితే పెళుసుగా కిర్రుమనేది, అది చూసిన ఎవరైనా ఇంకో చోట వెతకరు కదా.

ఇక వైద్యాలు మొదలు. ముందు సైకిల్ పంక్చర్ల సొల్యూషన్. అది ఒక వానకి ఆగింది. తర్వాత ఎంసీల్, రెండు ముద్దలు కలిపి పిసికి మూలల్లో కుక్కాడు. అది రాయిలా బిగుసుకుంది, బాగానే ఉందనుకున్నాం, కానీ బండి గతుకుల్లో ఊగుతుంటే రబ్బరు కదులుతుంది, రాయి కదలదు, పదిరోజుల్లో పెచ్చులు పెచ్చులుగా లేచొచ్చింది. కొవ్వొత్తి మైనం కరిగించి పోశారు. మా పెదనాన్న ఒకాయన తుమ్మబంక పెట్టమన్నాడు, నీళ్ళల్లో నానేసుకుని వాడే బంకని నీళ్ళు ఆపడానికి పెట్టమనడం ఏంటో, నాన్న ఆయన మీద గౌరవంతో అదీ పెట్టాడు.

అన్నిటికంటే పెద్ద కథ తారుది. రోడ్డు పనివాళ్ళ దగ్గర డబ్బాలో కొంచెం తారు అడిగి తెచ్చి, పెరట్లో రాళ్ళపొయ్యి మీద కరిగించి, పుల్లతో బీడింగు చుట్టూ పూశాడు. ఆ ఏడు వానలకి నిజంగానే నీళ్ళు తగ్గాయి, అంటే తగ్గాయని మేమందరం గట్టిగా అనుకున్నాం. మళ్ళీ మే నెల వచ్చింది. పెళ్ళిబేరం. ముందు సీట్లో పెళ్ళికొడుకు, పట్టుపంచె, మధ్యాహ్నం రెండింటికి కైకలూరు రోడ్డు. తారు కరిగి పైమూల నుంచి సాగి సాగి ఒక చుక్క... నేను ఆ బండిలో లేను, నాన్నే చెప్పాడు, చెప్పేటప్పుడు ఎప్పుడూ పెళ్ళికొడుకు మొహం చెప్పేవాడు కాదు, పెళ్ళికొడుకు మేనమామ మొహం చెప్పేవాడు. బేరం డబ్బులు రాలేదు. ఇంటికొచ్చి కిరసనాయిలు గుడ్డతో రెండు రోజులు ఆ తారంతా తుడుస్తూ కూర్చున్నాడు, ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత 1990 మే తుపాను. మా వైపు వాళ్ళకి ఏ మే తుపానో చెప్పక్కర్లేదు. తొమ్మిదో తారీఖు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాను. మధ్యాహ్నం నుంచే గాలి మారింది, దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళెవరూ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. నాన్నకి మా గురించి ఎంత బెంగో కారు గురించీ అంత బెంగ, అది తప్పు కూడా కాదు, ఆ కారు నడిస్తేనే మేం నడిచేది. కారు రోజూ చింతచెట్టు కింద ఉండేది. కొమ్మ విరిగి పడుతుందని వానలో తడుస్తూ వెళ్ళి దాన్ని తీసి గోడవారన పెట్టాడు, చక్రాలకి రాళ్ళు అడ్డం వేశాడు. చింతకొమ్మ ఒక్కటీ విరగలేదు. గోడవతల పక్కింటివాళ్ళ కొబ్బరిచెట్టు నుంచి ఒక కాయ వచ్చి సరిగ్గా ముందద్దం మీద పడింది.

పొద్దున్నే చూస్తే అద్దం లేదు. అంటే ఉంది, సీట్ల మీద ఉంది, డ్యాష్‌బోర్డు మీద ఉంది, కింద ఉంది, కలకండ పలుకుల్లాగా. అమ్మ చేట తెచ్చి ఎత్తింది. ఒక్క ముక్కా చెయ్యి కోయలేదని మా చెల్లి ఆశ్చర్యపోయింది. అప్పటి మన బళ్ళకి ముందుకూడా ఎక్కువగా టఫెండ్ అద్దాలే ఉండేవి. పాలిటెక్నిక్‌లో చేరాక దాని సంగతి చదివాను: గాజుని ఆరువందల డిగ్రీలు దాటించి వేడి చేసి, రెండు వైపులా ఒక్కసారిగా చల్లగాలి కొడతారు, పైపొర ముందే బిగుసుకుపోతుంది, లోపలి గాజు తర్వాత చల్లారుతూ దాన్ని లోపలికి లాగుతుంటుంది, ఆ లాగులాటే దాని బలం. గట్టిగా ఎక్కడో ఒకచోట పైపొర తెగిందా, మొత్తం లాగులాట ఒక్కసారి విడిపోయి అద్దమంతా పలుకులైపోతుంది. అందుకే ఆ అద్దానికి రిపేరు అనే మాటే లేదు. ఉంటే నిండుగా ఉంటుంది, లేకపోతే చేటలోకి వస్తుంది. ఆ పలుకులు, నమ్మండి, కారు అమ్మేసేదాకా దొరుకుతూనే ఉన్నాయి, సీటు సందుల్లో, తివాచీ కింద, ఒకసారైతే మా చెల్లి జడలో.

ఒక వారం పైనే పట్టింది రోడ్ల మీద చెట్లు తీసి బళ్ళు తిరగడానికి. అప్పుడు బయల్దేరాం, నాన్నా నేనూ, అద్దం లేని కారులో, విజయవాడ ఆటోనగర్‌కి. నలభై కిలోమీటర్ల చిల్లర. నాన్న ఎవరిదో మోటార్ సైకిల్ కళ్ళజోడు అరువు తెచ్చుకున్నాడు, నాకు తువ్వాలు తలకీ మొహానికీ చుట్టి కళ్ళు మాత్రం వదిలేశాడు. నేను ముందు గాలి లేకుండా ఉంటుందని పక్కద్దాలు ఎక్కించబోతే "దించరా, అన్నీ దించు. ముందునుంచి వచ్చే గాలికి దారి లేకపోతే వెనకద్దం ఊడిపోద్ది" అన్నాడు. అదీ ఒక లెక్కే కదా, బుడగలోకి ఊదినట్టు. దారి పొడుగునా పడిపోయిన అరటితోటలు, వంగిపోయిన కరెంటు స్తంభాలు, నీళ్ళల్లో నిలబడ్డ పొలాలు. అద్దం లేకుండా వాటిని చూడటం వేరేగా ఉంది, వాసనతో సహా వచ్చేవి. కంకిపాడు దాటాక ఒక లారీ వెనక పడ్డాం, దాని దుమ్మంతా మా నోట్లోనే. నాన్న ఉమ్ముతూ నవ్వాడు. ఆ తుపాను తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి అనుకుంటా.

ఆటోనగర్ చూడని వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియదు. బందరు రోడ్డు మీంచి గేటు దాటి లోపలికి తిరిగితే చాలు, చెవులు పనిచెయ్యవు. ఒక వరసంతా కమాన్ కట్టలు కొట్టేవాళ్ళు, ఒక వరస రేడియేటర్లు, ఒక వరస లారీ బాడీలు కట్టే వడ్రంగులు, రంపప్పొట్టు, వెల్డింగు మెరుపులు, ఆయిలు తాగి నల్లబడ్డ నేల. బడికి పంపేకంటే అక్కడ ఒక నెల వదిలేస్తే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అద్దాల కొట్టు లోపలి వీధిలో. గోనెసంచులు కప్పిన చెక్క స్టాండ్లలో అద్దాలు పుస్తకాల్లాగా నిలబెట్టి ఉన్నాయి. దాని మేస్త్రిని అందరూ గ్లాస్ భాయ్ అనేవాళ్ళు, అసలు పేరు నేను వినలేదు. సన్నగా, గళ్ళ లుంగీ, జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క.

ఆయన అద్దం సంగతి ఎత్తకుండా ముందు రేకు అంచు మొత్తం వేలితో తడుముతూ ఒక చుట్టు తిరిగాడు. ఎంసీల్ ముక్కలు, మైనం, తారు మరకలు, ఒక్కొక్కటి గోటితో గీకి వాసన చూసి నాన్న వైపు తిరిగి చూశాడు. నాన్న ఆకాశం వైపు చూశాడు. "ఈ రబ్బరుకి ఆయిలు ఎవరు పూశారు డ్రైవర్ గారూ?" అన్నాడు. నాన్న నెలకోసారి పాత ఇంజనాయిలు గుడ్డకి అద్ది బీడింగు నిగనిగలాడేలా తుడిచేవాడు, బండి శుభ్రం ఆయనకి ప్రాణం. "నేనే. మెత్తగా ఉంటుందని." భాయ్ రబ్బరు ముక్క విరిచి చూపించాడు, లోపల ఉబ్బిపోయి జిగటగా ఉంది. "మెత్తబడలేదు, కుళ్ళింది. రబ్బరుకి ఆయిలు విషం. నీళ్ళూ సబ్బూ చాలు." నాన్న అంత చిన్నబోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఎనిమిదేళ్ళు ప్రేమగా విషం పూశాడు పాపం.

రేకు అంచు మీద తుప్పు పొక్కులు లేచి ఉంది. దాని మీద కొత్త బీడింగు వేస్తే నీళ్ళు తుప్పు కిందనుంచి దారి చేసుకుని వస్తాయన్నాడు. ఎమిరీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, రెడాక్సైడ్ కొట్టి, ఆరేదాకా అద్దం ముట్టుకోనన్నాడు. ఈలోపు కొత్త బీడింగుని రేకుల షెడ్డు మీద ఎండలో వేశాడు. మేం హోటల్లో పప్పూ అప్పడం తిని వచ్చేసరికి అది బాగా వేడెక్కి, చల్లకవ్వం తాడులా చెప్పినట్టు వినేంత మెత్తగా అయింది.

ఇప్పుడు అసలు పని. ముందు బీడింగుని అద్దం చుట్టూ తొడిగాడు. తర్వాత దాని బయటి నోట్లో, రేకుని కరవాల్సిన నోట్లో, పెన్సిలు కంటే సన్నటి నైలాన్ తాడు చుట్టూ పరిచాడు, రెండు కొసలూ కింద మధ్యలో కలిసి, ఒకదాన్నొకటి దాటి, బయటికి వేలాడేలా. బట్టలసబ్బు చిదిపి కలిపిన నీళ్ళు అంచుకంతా పూశాడు. నాన్నా, కొట్లో ఇంకో కుర్రాడూ అద్దం ఎత్తి బయటినుంచి బాడీకి ఆనించారు, తాడు కొసలు లోపలికి వేశారు. భాయ్ లోపల డ్రైవర్ సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని నా వైపు చూశాడు.

"అబ్బాయ్, చెప్పులు విప్పి బానెట్ ఎక్కు."

ఎక్కాను. ఎండకి కాలింది, సబ్బునీళ్ళు కొంచెం పోసుకుని కూర్చున్నాను.

"నేను తాడు లాగిన చోట నువ్వు బయటినుంచి అరచేత్తో తట్టాలి. గుద్దొద్దు. నెట్టొద్దు. పసిపిల్లని జోకొట్టినట్టు."

ఆయన ఒక కొస పట్టుకుని మెల్లిగా అద్దం మధ్యలోకి లాగాడు. తాడు వస్తుంటే దాని వెంబడి రబ్బరు పెదవి పైకి లేచి, రేకు అంచు దాటి, లోపలివైపుకి పడేది, టప్, టప్, టప్‌మని. నేను అద్దం ఇవతల ఆయన చేతికి ఎదురుగా చెయ్యి పెట్టి తట్టుకుంటూ పోయాను. గాజుకి అటు ఆయన చెయ్యి ఇటు నా చెయ్యి, మధ్యలో అద్దం. కింద సగం అయింది, ఇంకో కొస పట్టుకున్నాడు, మిగతా సగం. మూల దగ్గర ఆగింది. తాడు బిగుసుకుంది. ఆయన లాగడం ఆపి తలూపాడు, నేను ఇంకొంచెం గట్టిగా రెండు చేతులతో ఒత్తిపట్టుకుని తట్టాను, అప్పుడు అద్దం నా అరచేతుల కింద ఒక్క నూలుపోగంత లోపలికి దిగింది. ఆ దిగడం నాకు ఇప్పటికీ చేతుల్లో ఉంది. ఎవరికైనా చెబితే అర్థం కాదుగానీ, పొలంలో గడ్డపార దిగినట్టో, ముగ్గిన పండు తొడిమ వదిలినట్టో, అలాంటిది. పక్కలు, తర్వాత పైన, చివరికి తాడు మొత్తం ఆయన ఒళ్ళోకి వచ్చేసింది. ఆయన దాన్ని చుట్టచుట్టి జేబులో పెట్టుకుని, "మీవాడికి చెయ్యి ఉంది" అన్నాడు నాన్నతో. నాకు పదో తరగతిలో వచ్చిన మార్కుల కంటే ఆ మాట ఎక్కువ గుర్తు.

ఆ తర్వాత రబ్బరు పెదవి కొంచెం ఎత్తి దాని కింద నల్ల సీలెంటు ఎక్కించాడు, అద్దానికీ రబ్బరుకీ మధ్య ఒక చుట్టు, రబ్బరుకీ రేకుకీ మధ్య ఇంకో చుట్టు. పొంగిందంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. మొత్తం రెండు పెళ్ళిబేరాల డబ్బులైంది. పొద్దుగూకాక ఇంటికొచ్చాం. కొత్త అద్దంలోంచి దీపాలు చూస్తుంటే ఊరు కడిగినట్టుంది.

జూన్‌లో మృగశిర కార్తె వానొచ్చింది. మొదటి బేరం పెనమలూరు. నాన్న తిరిగొచ్చి కారు ఆపి దిగలేదు, లోపలే కూర్చుని ఉండిపోయాడు. నేను వెళ్ళి చూస్తే తువ్వాలు తడిసి ఉంది. ఎడంపక్క. కుడికాలు.

ఆ రాత్రి ఆయన భాయ్‌ని, ఆటోనగర్‌ని, ఉత్తర్‌పరాని, ఇంగ్లండుని వరసగా తిట్టాడు. అమ్మ విని విని, "నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూశారా?" అంది. అద్దంలోంచే అన్నాడు నాన్న. "అది చుక్క పడే చోటండీ. వచ్చే చోటు చూశారా?" ఇంటి పెంకులు కారితే గిన్నె పెట్టేది ఒకచోట, పెంకు సర్దేది ఇంకోచోట అని అమ్మకి తెలుసు, ఇల్లంతా ఆవిడే కదా చూసుకునేది. మర్నాడు వాన వెలిసాక లోపలంతా గుడ్డతో తుడిచి, ఆరబెట్టించి, ముగ్గు డబ్బా తెచ్చింది. అద్దం లోపలివైపు కింద అంచు పొడుగునా, డ్యాష్‌బోర్డు కింద, పక్క రేకుల మీద, అన్నిచోట్లా పొడిముగ్గు చల్లింది. అమ్మ టార్చిలైటు పట్టుకుని లోపల పడుకుంది, తల కింద, కాళ్ళు సీటు మీద, చీర కుచ్చిళ్ళు దోపుకుని. నేను బయట చెంబుతో నీళ్ళు. నాన్న పైనుంచి కుమ్మరించమన్నాడు. అమ్మ లోపలినుంచి, వద్దు, కిందనుంచి మొదలుపెట్టి మెల్లిగా పైకి రా, లేకపోతే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తెలియదు అంది.

కింద మూలలు పోశాను. ముగ్గు పొడిగానే ఉంది. వైపర్ మొదట్లో పోశాను.

"ఆగు!"

వైపర్ కడ్డీ తిరిగే ఇరుసు బాడీలోంచి బయటికొచ్చే చోట ఒక చిన్న రబ్బరు ఉంటుంది, వాషరు లాంటిది. అది మా బండికి ఎడంవైపుది ఎప్పుడో అరిగి ఊడిపోయింది. నీళ్ళు ఆ కన్నంలోంచి దిగి, డ్యాష్‌బోర్డు వెనక రేకు పట్టుకుని పాకి, తెల్లటి ముగ్గు మీద సన్నగా గీత గీసినట్టు వచ్చి, ఒక బోల్టు కొన దగ్గర చుక్కై, కుడికాలి మీద. ఎనిమిదేళ్ళు. అద్దానికి దానితో ఏ సంబంధమూ లేదు. అమ్మ బయటికొచ్చింది, జుట్టంతా ముగ్గు. ఏమీ అనలేదు. అనకపోవడమే నాన్నకి ఇబ్బంది అయింది.

నాన్న పాత సైకిల్ ట్యూబులోంచి రూపాయిబిళ్ళంత రెండు ముక్కలు కోసి, మధ్యలో కన్నం పొడిచి, ఇరుసుకి తొడిగి బిగించాడు. కారు అమ్మేదాకా మళ్ళీ ఒక్క చుక్క రాలేదు. తర్వాత ఎప్పుడో ఆటోనగర్ వెళ్ళినప్పుడు భాయ్‌తో, వైపర్ రబ్బరు లేదని ఆ రోజే చెప్పొచ్చుగా అంటే ఆయన, "మీరు పగిలిన అద్దమని వచ్చారు డ్రైవర్ గారూ, కారుతోందని చెప్తే కదా" అన్నాడట. నిజమే, చెప్పలేదు. తారు సంగతి బయటపడుతుందని.

కారు 1999లో అమ్మేశాం. అప్పటికి మా స్టాండులోకి మారుతీ వ్యాన్లూ, సుమోలూ వచ్చేశాయి, 90ల నడిమికి కొత్తబళ్ళకి ముందద్దం లామినేటెడ్ ఉండాల్సిందేనని రూలు కూడా వచ్చింది. లామినేటెడ్ అంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర, పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉండిపోతాయి. ఫ్రాన్సులో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే ఆయన 1903లో ఒక గాజుకుప్పె కిందపడ్డా ముక్కలు విడిపోకపోవడం చూసి, లోపల ఎండిపోయిన పొర వల్ల అని గ్రహించి ఈ దారి పట్టాడని చెబుతారు. మనదాకా రావడానికి తొంభై ఏళ్ళు పట్టింది. సరే. 2014లో అంబాసిడర్ తయారీ ఆపేశారని పేపర్లో వస్తే నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని, "ఇంక బీడింగులు దొరకవు" అన్నాడు. అంతే.

ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాం, నాన్న కూడా మా దగ్గరే, అమ్మ లేదు. ఆ మధ్య ఔటర్ రింగ్ రోడ్డు మీద టిప్పర్ టైరు కింద రాయి ఎగిరి నా కారు అద్దం మీద పావలా బిళ్ళంత దెబ్బ వేసింది. లామినేటెడ్ కాబట్టి బయటి పలకకి మాత్రమే. ఒక కుర్రాడు ఇంటికే వచ్చి బాగుచేశాడు, చిన్న పరికరం ఒకటి అద్దానికి అంటించి, ఆ దెబ్బలో ఉన్న గాలి లాగేసి, నీళ్ళలాంటి రెజిన్ లోపలికి ఒత్తి, మీద పల్చటి ప్లాస్టిక్ ముక్క పెట్టి, అల్ట్రావయొలెట్ లైటు చూపిస్తే అది గట్టిపడింది, బ్లేడుతో గీకేశాడు. నాన్న కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. "ఏం మందయ్యా అది? ఎండకి కారదుగా?" అని అడిగాడు. కుర్రాడికి అర్థం కాలేదు, నాకు అర్థమైంది.

ఏప్రిల్‌లో నా తప్పు వల్లే అది పోయింది. మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో కాగిన కారు, ఎక్కగానే ఏసీ ఫుల్లు పెట్టి గాలి అద్దం వైపు తిప్పాను. దెబ్బ తిన్న చోటు నుంచి చెయ్యెడు గీత చూస్తుండగానే పాకింది. అద్దం మార్చాల్సిందేనన్నారు. ఇన్సూరెన్సు లెక్కలో అద్దానికి తరుగు కొయ్యరు, అదొక్కటి నయం. షాపుకి నాన్న తనూ వస్తానన్నాడు.

అక్కడ పాత అద్దం తియ్యడం చూడాలి. ఇప్పటి అద్దాలు పాలీయురిథేన్ జిగురుతో రేకుకి అతికి ఉంటాయి, ఊరికే ఊడవు. ఒకతను ఆ జిగురులోంచి సన్నటి ఉక్కుతీగ గుచ్చి లోపలికి పంపాడు, ఇంకొకతను లోపల సీట్లో కూర్చుని ఆ కొస పట్టుకున్నాడు. ఇద్దరూ చెక్కపిడులు కట్టుకుని అటూ ఇటూ రంపంలా లాగుతూ అద్దం చుట్టూ తిరిగారు. నాన్న నా మోచెయ్యి పట్టుకుని, "తాడు లాగుతున్నార్రా" అన్నాడు. ఆ గొంతు నేను చాలా ఏళ్ళయింది విని. ఇది కొయ్యడానికి నాన్నా, అది కూర్చోబెట్టడానికి అన్నాను. వినలేదు. దగ్గరికెళ్ళి నిలబడి, బయటున్న కుర్రాడితో, "బాబూ, మూల దగ్గర మెల్లిగా" అంటున్నాడు.

కొత్త అద్దానికి ప్రైమర్ పూసి, రేకు మీద నల్లజిగురు చీమలబారులా ఎక్కడా తెగకుండా చుట్టూ పెట్టి, రబ్బరు పిడులతో అద్దం ఎత్తి కూర్చోబెట్టారు. తట్టడం లేదు. కొంచెం ఒత్తి వదిలేశారు, టేపులు అంటించారు. ఆ జిగురు గాలిలో తేమని పీల్చుకుని గట్టిపడుతుందని చెప్పారు. నాన్న "అయితే మా బెజవాడలో గంటలో అవుద్ది" అన్నాడు. ఈ అద్దం ఇప్పుడు ఊరికే గాలీ వానా ఆపేది కాదట, కారు బోల్తాపడితే టాపు నలగకుండా కాసేదాంట్లో దీనిదీ వాటా ఉందట, ఎడంపక్క ఎయిర్‌బ్యాగు విచ్చుకునేటప్పుడు దీన్నే ఆనుకుంటుందట. కొన్ని గంటలు కదపొద్దన్నారు, అక్కడే కూర్చున్నాం, టీలు తాగాం.

బయల్దేరేటప్పుడు ఆ కుర్రాడు వచ్చి, "సార్, రేపటిదాకా వాషింగ్ వద్దు. ఒక అద్దం అంగుళం దించి ఉంచండి. డోర్లు గట్టిగా వెయ్యొద్దు, లోపల గాలి ఒత్తిడికి సీలు కదులుద్ది" అన్నాడు. నాన్న బుద్ధిగా తలూపాడు. ఎడంపక్క ఎక్కి, డోరు రెండు చేతులతో పట్టుకుని, నిద్రపోతున్న పిల్లాడి గదికి తలుపు వేసినట్టు దగ్గరికి లాక్కున్నాడు. పడలేదు. షాపు గేటు దాటగానే కారు కుయ్‌కుయ్‌మనడం మొదలుపెట్టింది.

పక్కకి ఆపి, దిగి, చుట్టూ తిరిగి వెళ్ళాను. డోరు కొంచెం తెరిచి, అరచేతితో మెల్లిగా ఒత్తాను. టక్‌మంది. నాన్న దించిన అద్దంలోంచి నా చేతి వైపే చూస్తూ, "పడిందంటావా?" అన్నాడు.